బస్తర్ అడవి: పద్దులకెక్కని మౌలిక సదుపాయం

2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుంభవృష్టికి బస్తర్ ప్రాంతం అతలాకుతలమైంది. దంతెవాడ, బస్తర్, సుక్మా, బీజాపూర్ జిల్లాలలో వాగులు ఊళ్లమీద పడ్డాయి. ప్రాణనష్టం సంభవించింది. రహదారులు తెగిపోయాయి, వంతెనలు దెబ్బతిన్నాయి. నీరు తీయగానే అధికార యంత్రాంగం నష్టం అంచనాలకు ఉపక్రమించడం రివాజు. కూలిన వంతెనకు ఎంత, కోసుకుపోయిన రోడ్డుకు ఎంత, ఒరిగిన విద్యుత్ స్తంభానికి ఎంత అని లెక్క కట్టడానికి ప్రతి శాఖకూ ఒక ధరల పట్టిక ఉంది. కాని ఆ వాగు పుట్టిన కొండ వాలుమీద అడవి పలుచబడి ఉంటే, ఊరి ఎగువన చెరువు పూడిపోయి ఉంటే, ఆ నష్టాన్ని రాసుకోవడానికి ఏ శాఖ దస్త్రంలోనూ గడి లేదు.

మౌలిక సదుపాయం అనగానే సిమెంటు, ఉక్కు, తారు గుర్తుకు రావడం దేశమంతటా ఉన్నదే. బస్తర్‌లో మాత్రం ఈ అలవాటు మూల్యం ఎక్కువ. ఇక్కడి ప్రజలకు నీరు నిల్వ చేసే జలాశయం, కరవులో ఆదుకునే ధాన్యాగారం, చేతిలో పైసా లేని నెలలలో నగదు ఇచ్చే బ్యాంకు - మూడూ అడవే. ఆ అడవిని కాపాడటం ఖర్చా, పెట్టుబడా అన్న ప్రశ్న ఇపుడు కొత్త తీవ్రతతో ముందుకు వస్తోంది. మావోయిస్టు ఉద్యమాన్ని తుదముట్టించడానికి 2026 మార్చి 31ని కేంద్ర ప్రభుత్వం గడువుగా ప్రకటించింది. 2025లో ఆ పార్టీ అగ్రనేతలు పలువురు ఎదురుకాల్పులలో మరణించడమో, ఆయుధాలు అప్పగించడమో జరిగింది. దశాబ్దాలుగా తుపాకులు మూసిన తలుపులు తెరచుకుంటున్న వేళ, ఆ తలుపుల గుండా ముందు ఏది ప్రవేశిస్తుందన్నది బస్తర్ భవిష్యత్తును నిర్ణయించనున్నది.

కేరళను మించిన అటవీసీమ

ఒకప్పటి బస్తర్ జిల్లా వైశాల్యం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు. కేరళ రాష్ట్రం కంటే పెద్దది. 1998 నుంచి దశలవారీగా విభజించగా నేడది బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాల రెవెన్యూ డివిజన్. 2000 నవంబర్ 1న మధ్యప్రదేశ్ నుంచి విడివడిన ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొస ఇదే. ఉత్తర, మధ్య భాగాలలో సాల వృక్షాలు, దక్షిణాన టేకుతో కలిసిన మిశ్రమారణ్యాలు విస్తరించి ఉన్నాయి. గోండులలోని మురియా, మారియా తెగలు, హల్బాలు, భత్రాలు, ధుర్వాలు, దోర్లాలు ఇక్కడి ప్రధాన జనాభా.

తెలుగువారికి ఈ సీమ పరాయిది కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరీ దేవిని కులదైవంగా కొలిచాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. బీజాపూర్ జిల్లాలోని భోపాలపట్నం, సుక్మా జిల్లాలోని కుంట పరిసరాలలో తెలుగు నేటికీ వాడుక భాష. అన్నిటికంటె గట్టి బంధం నీటిది. ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టిన ఇంద్రావతి బస్తర్‌ను పడమటికి చీల్చుకుంటూ సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించి, భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వెంట దిగివచ్చే శబరి కూనవరం వద్ద అదే నదిని చేరుతుంది. చర్ల దగ్గర ఆయకట్టును తడిపే తాలిపేరు పుట్టిల్లు కూడా ఆ అడవే. బస్తర్ కొండలమీద పడిన వాన ఎంత వేగంగా కిందికి దిగుతుంది, ఎంత మట్టిని వెంట తెస్తుంది అన్నది భద్రాచలం, చింతూరు, కూనవరం వాసులకు పుస్తకాలలోని విషయం కాదు. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరిన సంగతి ఆ తీరగ్రామాలు మరువలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అసాధారణ వర్షపాతం కలిగించే మహావరదను ఏ అడవీ పూర్తిగా ఆపజాలదు. నేల తడిసి నిండిన తరువాత పడే ప్రతి చుక్కా నదికే చేరుతుంది. కాని ఏటా వచ్చే సాధారణ వరదల ఉధృతి తగ్గించడంలో, మట్టికోతను నివారించడంలో, వాన వెలిసిన తరువాత కూడా వాగులో ఊట నిలపడంలో అడవి పాత్రకు ప్రత్యామ్నాయం లేదు. రాలిన ఆకుల పొర వాన దెబ్బను కాస్తుంది. వేళ్లు తొలిచిన నేల నీటిని లోనికి తీసుకుంటుంది. బస్తర్‌లో వర్షపాతానికి కొదవ లేదు. అయితే అందులో అత్యధిక భాగం జూన్ - సెప్టెంబర్ మధ్యనే పడుతుంది. మిగిలిన ఎనిమిది నెలలు ఆ నీటిని ఎవరు దాచాలి? సాగునీటి వసతి స్వల్పంగా ఉన్న ఈ ప్రాంతంలో ఆ పని చేస్తున్నవి అడవులు, పాత చెరువులే. జగదల్‌పూర్‌లో రాజులు తవ్వించిన దళపత్ సాగర్, ఒకప్పుడు 147 చెరువులుండేవని చెప్పుకొనే బార్సూర్ - వాననీటిని పట్టి ఉంచడంలోని మర్మం పూర్వులకు తెలుసుననడానికి నిదర్శనాలు.

ఆకలి నెలల బ్యాంకు

అడవి ఆర్థిక విలువను గ్రహించడానికి పంచాంగం చూస్తే చాలు. బస్తర్‌లో వ్యవసాయమంటే ప్రధానంగా వానమీద ఆధారపడిన ఒకే పంట వరి. శీతాకాలం ముగిసేసరికి గాదెలు తరిగిపోతాయి. మళ్లీ తొలకరి పడే వరకు పొలంలో పని ఉండదు. సరిగ్గా ఆ నెలలలోనే అడవి తన ఖజానా తెరుస్తుంది. ఫిబ్రవరి నుంచి చింతపండు, మార్చి - ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఏప్రిల్ - మేలలో సారపప్పు, తునికాకు, వానలకు ముందు సాలగింజలు. లక్క, తేనె, కరక్కాయ, చీపురుగడ్డి వీటికి అదనం. పంట పోయిన ఏడాది కూడా ఈ రాబడి ఎంతో కొంత ఉంటుంది. బీమా కంపెనీ ప్రీమియం లేకుండా, దరఖాస్తు లేకుండా దక్కే రక్షణ ఇది. చింతపండు వ్యాపారానికి జగదల్‌పూర్ మార్కెట్ దేశంలోనే పేరుగాంచింది.

అయితే బ్యాంకు ఉన్నంత మాత్రాన ఖాతాదారుకు న్యాయం జరుగుతుందని లేదు. వారపు సంతలో ఉప్పుకు చింతపండును, సారపప్పును మార్చుకున్న దుర్భర చరిత్ర బస్తర్‌ది. ఈ దోపిడీని అరికట్టడానికి 1999 ప్రాంతంలో అప్పటి జిల్లా కలెక్టర్ ప్రవీర్ కృష్ణ హయాంలో గ్రామస్థుల బృందాల ద్వారానే చింతపండు కొనుగోలు చేయించే 'ఇమ్లీ ఆందోళన్' సాగింది. దళారుల గుత్తాధిపత్యానికి అది గండి కొట్టింది. ఇదే ఆలోచనకు విస్తృతరూపమైన వన్‌ధన్ పథకాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2018 ఏప్రిల్ 14న బీజాపూర్‌లోనే ప్రారంభించారు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర ప్రకటించే విధానం 2013-14 నుంచి దేశవ్యాప్తంగా ఉంది. విశాఖ మన్యంలో 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ అనుభవం తెలిసిన తెలుగు పాఠకులకు దీని ప్రయోజనమూ, పరిమితులూ రెండూ తేలికగానే బోధపడతాయి. కొనేవారు ఉండటం ఎంత అవసరమో, వేళకు వచ్చి, సరిగా తూచి, వెంటనే డబ్బు చెల్లించడమూ అంతే అవసరం.

తునికాకు విషయం చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో 50 ఆకుల కట్టలు వెయ్యి కలిస్తే ఒక ప్రామాణిక బస్తా. దీని సేకరణ ధర 2019లో రూ. 2,500 నుంచి రూ. 4,000కు, 2024లో రూ. 5,500కు పెరిగింది. పెరుగుదల చెప్పుకోదగ్గదే. కాని బస్తాకు యాభై వేల ఆకులు. అంటే మండుటెండలో కోసి, ఏరి, కట్టకట్టిన ఒక్కొక్క ఆకుకు దక్కేది 11 పైసలు. అయినా కుటుంబానికి ఏడాదిలో ఒకేసారి చేతికందే నగదు అదే కావడంతో ఆ సీజన్ కోసం పల్లెలు ఎదురు చూస్తాయి. ఆ తునికి పొదలు, ఇప్ప చెట్లు ఏ మైదానంగానో, గనిగానో మారిన చోట ఆ కుటుంబానికి పోయేది కలప కాదు, ఏటేటా వచ్చే ఆదాయం.

పూర్వానుభవాలు

అడవి మీద అజమాయిషీ తప్పితే బస్తర్ ఎలా స్పందిస్తుందో చరిత్ర చెబుతోంది. 1905లో వలస ప్రభుత్వం ఇక్కడి అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని, పోడును, వేటను, అటవీ ఫలసాయ సేకరణను నిలిపివేయాలని తలపెట్టింది. అంతకుముందు 1899-1900లో, ఆ తరువాత 1907-08లో కరవులు వచ్చాయి. కరవు కాలంలో ప్రాణాలు నిలిపే అడవికే తాళం వేయబూనడం జనాగ్రహాన్ని రగిల్చింది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు ఇది ముఖ్య కారణం. గుండాధుర్ పేరు నేటికీ అక్కడ మార్మోగుతుంది. తిరుగుబాటును సైన్యంతో అణచివేసినప్పటికీ, రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని ప్రభుత్వం దాదాపు సగానికి తగ్గించుకోక తప్పలేదు.

స్వాతంత్ర్యానంతరం పాఠం మారలేదు. 1970లలో ప్రపంచ బ్యాంకు సాయంతో 4,600 హెక్టార్ల సహజ సాలవనాన్ని నరికి, కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండలపు పైన్ చెట్లు నాటాలనే ప్రతిపాదన వచ్చింది. లెక్కల్లో అది లాభసాటి పథకమే. ఎకరాకు ఎంత గుజ్జు అన్నదొక్కటే కొలత అయితే సాల చెట్టు పైన్ ముందు ఓడిపోతుంది. కాని సాల చెట్టు గింజ ఇస్తుంది, విస్తరాకు ఇస్తుంది, గుగ్గిలం ఇస్తుంది. దాని నీడన పుట్టగొడుగులు, దుంపలు, పశువుల మేత దొరుకుతాయి. పైన్ తోటలో ఆదివాసికి మిగిలేది కూలి మాత్రమే. స్థానికుల, పర్యావరణవాదుల ప్రతిఘటనతో ఆ పథకం ఆగిపోయింది.

1990లలో వెలుగుచూసిన 'మాలిక్ మక్బూజా' కుంభకోణం ఇంకొక కోణం. ఆదివాసుల సొంత భూములలోని విలువైన చెట్లను కలప వ్యాపారులు, కొందరు అధికారులు కుమ్మక్కై కారుచౌకగా కొట్టించారు. విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. చెట్టుమీద కాగితపు హక్కు ఉన్నా, ధర నిర్ణయించే శక్తి, పొత్తుగా నిలిచే సంస్థ లేకపోతే ఆ హక్కు ఎంత డొల్లగా మిగులుతుందో ఆ ఉదంతం రుజువు చేసింది.

అడవికి ధర పడేది ఎప్పుడు?

అడవి విలువను ప్రభుత్వం అసలు లెక్కించడం లేదని అనలేము. లెక్కిస్తోంది, కాని దాన్ని పోగొట్టుకునే సమయంలో. గనికో, ఆనకట్టకో అటవీభూమిని మళ్లించేటపుడు ఆ అడవి 'నికర వర్తమాన విలువ'ను వసూలు చేయాలని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. 2008లో ఖరారైన రేట్ల ప్రకారం హెక్టారుకు ఇది రూ. 4.38 లక్షల నుంచి రూ. 10.43 లక్షల వరకు ఉండేది. 2022లో వీటిని సవరించి పెంచారు. అంటే నిలిచి ఉన్న అడవి సేవలకు ఖజానా పద్దులో విలువ సున్న. గొడ్డలి పడిన నాడు మాత్రమే దానికి ధర పుడుతుంది.

ఇలా పోగుపడిన పరిహార వనీకరణ నిధుల నుంచి 2019 ఆగస్టులో కేంద్రం వివిధ రాష్ట్రాలకు రూ. 47 వేల కోట్లకు పైగా బదలాయించింది. అందులో ఛత్తీస్‌గఢ్ వాటా సుమారు రూ. 5,791 కోట్లు. ఒడిశా తరువాత అతి పెద్ద వాటాలలో ఇదొకటి. ఒక విధంగా ఆ రాష్ట్రం ఎంత అడవిని కోల్పోయిందో చెప్పే కొలమానం కూడా ఇదే. ఈ మొత్తం చిన్నది కాదు. చెక్‌డ్యాములు, నేల-తేమ పరిరక్షణ, సహజ పునరుత్పత్తికి రక్షణ, గ్రామాల అటవీ యాజమాన్య ప్రణాళికలు - ఇవన్నీ చేపట్టడానికి చాలినంత బలం దానికి ఉంది. కాని 2016 నాటి పరిహార వనీకరణ నిధి చట్టం ప్రకారం పర్సు అటవీశాఖ చేతిలోనే ఉంటుంది. 2018 నిబంధనలు గ్రామసభను 'సంప్రదించాలి' అంటాయి. సంప్రదింపుకూ, సమ్మతికీ ఉన్న దూరం బస్తర్ పల్లెలకు అనుభవైకవేద్యం. టేకు వరుసలు నాటడం నివేదికలో విజయంగా కనిపించవచ్చు. ఆ వరుసల కోసం దున్నిన నేల ఊరి పశువుల మేతభూమి అయితే నష్టం ఎవరి పద్దులో రాయాలి?

పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల మధ్య పన్నుల వాటా పంపకంలో అడవులు, పర్యావరణం అంశానికి 10 శాతం వెయిటేజి ఇచ్చింది. పద్నాలుగవ ఆర్థిక సంఘం ఇచ్చిన 7.5 శాతం కంటె ఇది ఎక్కువ. అడవిని నిలబెట్టిన రాష్ట్రానికి ప్రతిఫలం దక్కాలన్న సూత్రాన్ని కేంద్రం అంగీకరించినట్లే. కాని ఆ సొమ్ము రాయ్‌పూర్‌లోని సాధారణ ఖజానాలో కలుస్తుంది. అడవిని కాపు కాసిన గ్రామానికి అందులో ఇంత అని చేర్చే కాలువ ఏదీ తవ్వలేదు.

హక్కే పునాది

ఆ కాలువ తవ్వడానికి చట్టం ఉంది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం - 'పెసా' - షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని గ్రామసభలకు ఇచ్చింది. దానికి ఛత్తీస్‌గఢ్ నిబంధనలు రూపొందించుకోవడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసి, గ్రామం సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవిని సంరక్షించే, నిర్వహించే హక్కును సామూహిక అటవీ వనరుల హక్కుగా గుర్తించింది. ఛత్తీస్‌గఢ్‌లో 2019 నుంచి ఈ పత్రాల పంపిణీ ఊపందుకొని, నాలుగు వేలకు పైగా గ్రామాలకు చేరింది. 2022లో బస్తర్‌లోని కాంగేర్ లోయ జాతీయవనం లోపలి గుడియాపదర్ గ్రామానికి సైతం ఈ హక్కు లభించడం గమనార్హం. రక్షిత వనం నుంచి జనాన్ని పంపివేస్తేనే వన్యప్రాణి బతుకుతుందన్న పాత వాదానికి అది సమాధానం.

1982లో ఏర్పడిన కాంగేర్ లోయ వైశాల్యం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. సున్నపురాతి గుహలకు, మనిషి మాటను అనుకరించే కొండ గోరింకకు అది ఆటపట్టు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు మన దేశం నుంచి చేర్చిన స్థలాలలో తెలంగాణలోని ముడుమాల నిలువురాళ్లతో పాటు ఇదీ ఉంది. ఈ వనం అంచున ఉన్న ధుడ్‌మారాస్ గ్రామం 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపికైంది. అక్కడి ధుర్వా యువకులు కాంగేర్ నదిలో వెదురు తెప్పల విహారం నడుపుతూ, ఇళ్లలో అతిథులకు వసతి కల్పిస్తూ ఆదాయం పొందుతున్నారు. నది పారినన్నాళ్లే తెప్ప నడుస్తుంది గనుక నదిని, ఒడ్డు చెట్లను కాపాడటం వారికి నీతిసూత్రం కాదు, జీవనోపాధి.

ఇంద్రావతికి ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా గ్రామం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2009లో సామూహిక అటవీ హక్కు పొందిన ఆ ఊరికి, 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ సమక్షంలో వెదురు రవాణా అనుమతులు జారీచేసే అధికారం గ్రామసభకే అప్పగించారు. వెదురు అమ్మిన సొమ్ము గ్రామసభ ఖాతాకు చేరింది. తన సొమ్ముతో తన అడవిని తానే చూసుకునే వ్యవస్థ ఏర్పడింది. సుదూర న్యూయార్క్ నగరం కూడా ఇదే లెక్కను వేరొక తీరున వేసింది. ఖరీదైన నీటిశుద్ధి కర్మాగారం నిర్మించడానికి బదులు తనకు నీరిచ్చే క్యాట్స్‌కిల్ కొండల పరీవాహక ప్రాంతాన్ని పరిరక్షించడానికి 1997లో అక్కడి గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. కర్మాగారానికి అయ్యే వ్యయంలో కొద్ది భాగంతోనే పని నెరవేరింది. దిగువన ప్రయోజనం పొందేవారు ఎగువన కాపాడేవారికి చెల్లించడమే అందులోని కీలకం.

బస్తర్‌లో మాత్రం హక్కు పత్రం చేతికిచ్చిన తరువాత అధికారం ఎవరిదన్న వివాదం రగులుతూనే ఉంది. 2025 మేలో ఛత్తీస్‌గఢ్ అటవీశాఖ సామూహిక అటవీ వనరుల హక్కుల అమలుకు తానే నోడల్ సంస్థనని పేర్కొంటూ, గ్రామసభల ప్రణాళికలకు పరిమితులు విధిస్తూ లేఖ జారీచేసింది. గిరిజన గ్రామాలలో నిరసనలు పెల్లుబికాయి. చట్టం ఇచ్చిన అధికారాన్ని లేఖ ద్వారా హరించలేరన్నది వారి వాదన. జులై మొదటివారంలో ప్రభుత్వం ఆ లేఖను ఉపసంహరించుకుంది. పత్రం మీద హక్కు, నేలమీద పెత్తనం వేర్వేరు చేతుల్లో ఉన్నంతకాలం ఏ గ్రామమూ నమ్మకంతో అడవిలో శ్రమను మదుపు చేయదు.

రెండు నమూనాల ఘర్షణ

ఇక అసలు పరీక్ష. ఇంద్రావతిపై బార్సూర్ సమీపాన బోధ్‌ఘాట్ ఆనకట్టకు 1979లో శంకుస్థాపన జరిగింది. ప్రపంచ బ్యాంకు రుణం మంజూరైనా, సాలవనాల మునకపై తలెత్తిన అభ్యంతరాలతో 1980లలో పథకం మూలపడింది. 2020లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం, 2025లో ప్రస్తుత ప్రభుత్వం దాన్ని మళ్లీ పైకి తీశాయి. ఇంద్రావతి - మహానది అనుసంధానంతో కలిపి దీని అంచనా వ్యయం సుమారు రూ. 49 వేల కోట్లు. 125 మెగావాట్ల విద్యుత్తు, మూడున్నర లక్షల హెక్టార్లకు మించిన సాగునీరు లక్ష్యాలు. ఇందుకు 42 గ్రామాలు, 13 వేల హెక్టార్లకు పైగా భూమి ముంపునకు గురవుతాయని అంచనా.

సాగునీరు బస్తర్‌కు అక్కరలేదని ఎవరూ అనరు. ఒకే పంటతో సరిపెట్టుకునే రైతుకు రెండో పంట కల కాదు, హక్కు. ప్రభుత్వ వాదనలో ఈ బలం ఉంది. అయితే పోలవరం నిర్వాసితుల గోడు దశాబ్దాలుగా వింటున్న తెలుగు ప్రజలకు ఇంకొక వైపు కూడా తెలుసు. భూమికి భూమి, ఇంటికి ఇల్లు లెక్క కడతారు. ఇప్ప చెట్టుకు ప్రత్యామ్నాయంగా ఇప్ప చెట్టు ఇవ్వలేరు. పైగా నదిలో నీరే ప్రశ్నార్థకమైన సందర్భాలున్నాయి. ఒడిశా సరిహద్దు దగ్గర ఇంద్రావతి నీరు జోరా వాగులోకి మళ్లి శబరి వైపు పోతుండటం ఆ రెండు రాష్ట్రాల మధ్య చిరకాల వివాదం. 2019 వేసవిలో ప్రఖ్యాత చిత్రకోట్ జలపాతం ఎండిపోయే స్థితికి రాగా, జగదల్‌పూర్ పౌరులు నదిని కాపాడాలంటూ పాదయాత్ర చేశారు. ఎగువ పరీవాహక ప్రాంతం చిక్కిపోతుంటే దిగువన కట్టే గోడ ఎంత ఎత్తయినా నీటిని సృష్టించలేదు.

ఖనిజం కథ కూడా ఇటువంటిదే. 1968 నుంచి బైలాడిల్లా కొండలలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతున్న మేలురకం ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి రైలులో విశాఖపట్నం చేరుతోంది. 2023 అక్టోబర్‌లో జగదల్‌పూర్ సమీపాన నగర్నార్ ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. దేశానికి ఉక్కు కావాలి, విశాఖ రేవుకు సరకు కావాలి. కాని ఆ కొండల కింద శంఖిని, డంకిని నదులు ఖనిజపు బురదతో ఎర్రబారిన వైనం దశాబ్దాలుగా నమోదవుతూనే ఉంది. 2019 జూన్‌లో 13వ నంబరు నిక్షేపం ఉన్న నందరాజ్ కొండ తమ దేవుని నివాసమంటూ వేలాది ఆదివాసులు కిరండూల్‌లో బైఠాయించగా, రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేతను ఆపి, 2014 నాటి గ్రామసభ తీర్మానంపై విచారణకు ఆదేశించింది. సమ్మతి అన్నది దస్త్రంలో ఒక సంతకంగా మిగిలితే పెట్టుబడికీ భద్రత ఉండదని ఈ ఉదంతం నిరూపించింది.

చేయదగినది

బస్తర్ అడవిని మౌలిక సదుపాయంగా గుర్తించడమంటే గనులన్నీ మూసివేయాలనో, రోడ్లు వేయరాదనో కాదు. ఆసుపత్రికి చేర్చే రోడ్డు ఎంత అవసరమో ఆ గ్రామాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కావలసింది లెక్కలో నిజాయతీ. వంతెనకు ఏటా నిర్వహణ వ్యయం కేటాయించినట్లే వాగు ఎగువనున్న అడవికీ నిర్వహణ బడ్జెట్ ఉండాలి. అది సామూహిక హక్కు పత్రం పొందిన గ్రామసభ ఖాతాకు నేరుగా చేరాలి. పరిహార వనీకరణ నిధులలో, జిల్లా ఖనిజ నిధులలో నిర్దిష్ట వాటాను ఇందుకు ప్రత్యేకించడానికి కొత్త పన్ను అవసరం లేదు. నిప్పు పడకుండా కాయడం, పూడిక తీయడం, సహజంగా మొలిచిన మొక్కను పశువుల నుంచి కాపాడటం - ఇవి స్థానికులకు తెలిసిన పనులు, వేసవి నెలలలో కూలి ఇవ్వగల పనులు. భారీ పథకాల లాభనష్టాల పట్టికలో ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు ఆదాయాన్ని, వాగు ఊటను కూడా రాసి, ఆ పట్టికను గోండీ, హల్బీ భాషలలో గ్రామసభ ముందు చదివిన తరువాతనే సమ్మతి కోరాలి.

ఇందులో తెలుగు రాష్ట్రాలకు కూడా పాత్ర ఉంది. గోదావరి పరీవాహక ప్రాంతం రాష్ట్రాల సరిహద్దులకు లోబడి ఉండదు. వరద హెచ్చరికల కోసం ఎగువ రాష్ట్రాలతో సమాచారం పంచుకుంటున్న యంత్రాంగం, ఎగువ అడవుల పరిస్థితిని కూడా అదే బల్లమీద చర్చించవచ్చు. 2005 తరువాత సల్వాజుడుం హింసకు చెదరి ఖమ్మం ప్రాంతపు అడవులకు తరలివచ్చిన గొత్తికోయల వెతలు చూసినవారికి, బస్తర్‌లో బతుకుతెరువు తెగితే దాని ప్రకంపనలు ఎక్కడి దాకా వస్తాయో వివరించనక్కరలేదు.

1910లో తాళం వేయబోయిన అడవి కోసం తిరుగుబాటు జరిగింది. నూట పదిహేను ఏళ్లకు పైగా గడిచినా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న తేలలేదు. తుపాకుల చప్పుడు సద్దుమణుగుతున్న తరుణంలో ప్రభుత్వానికి లభించిన అవకాశం అరుదైనది. బస్తర్ పల్లెకు ముందుగా చేరేది ముంపు నోటీసా, గ్రామసభ ఖాతాలో జమయిన అటవీ నిర్వహణ నిధా అన్నదానిని బట్టి అక్కడి శాంతి ఎంతకాలం నిలుస్తుందో తేలుతుంది.